అత్తగారి ఊరి తలనొప్పి

తలనొప్పి గురించి రాయడానికి ఏముంటుందని మా ఆవిడ రమణమ్మ అడిగింది. నిజమే. చాలా ఏళ్ళుగా నెల్లూరు నుంచి పేపరుకు వార్తలు పంపుతున్నాను. పడవ మునకలు రాశాను, కాలువ గండ్లు రాశాను, ఎవరి తలనొప్పీ రాయలేదు. అయితే నాకు పట్టుకున్నది మామూలు తలనొప్పి కాదు. కొన్ని నెలలు నన్ను మంచానికీ గోడకీ మధ్య తిప్పింది. మా ఇంటికీ అత్తగారింటికీ మధ్య దారిని దాదాపు మూసేసింది. ఇప్పుడు ఒళ్ళు కుదుటపడింది, మొదలుపెట్టిన వాక్యం పూర్తి చెయ్యగలుగుతున్నాను. సొంత కారున్నవాళ్ళూ, సొంత బంధువులున్నవాళ్ళూ చదివితే మంచిదనిపించి రాస్తున్నాను.

1963, శ్రావణం

ఆ ఎండాకాలంలో మా అత్తగారికి ఎడమ పక్క పడిపోయింది. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే పల్లెలో, కొడుకు పెంచలయ్య ఇంట్లో ఆమె ఉంటుంది. బస్సు దిగాక కాలువ కట్ట మీద చాలా దూరం నడవాలి. రమణమ్మ వారం వారం తల్లిని చూసి రావాలంటే అలా కుదరదని, రైలు స్టేషనున్న పెద్ద గూడూరులో ఒక అభ్రకం వ్యాపారి వదిలించుకుంటున్న పాత కారు తీసుకున్నాను. ఆయన దాన్ని ఎందుకు వదిలించుకుంటున్నాడో అడగాలని అప్పుడు తోచలేదు. నెల్లూరులో ఒక షెడ్డులో చూపిస్తే అక్కడి మెకానిక్కు కిందికి వంగకుండానే "బంగారం లాంటి బండి సార్" అన్నాడు.

ఊళ్ళో తిరగడానికి నాకు సైకిలుంది. దూరాలకు రైలు, బస్సు ఉండనే ఉన్నాయి. అందుచేత కారు అత్తగారింటికి పోవడానికి తప్ప మా పెరట్లోంచి బయటికి వచ్చేది కాదు. ఆదివారం పొద్దున రమణమ్మను తీసుకుపోయి అక్కడ దింపేవాణ్ణి. పెంచలయ్య భార్య బుజ్జమ్మ వడ్డిస్తే భోంచేసి, చీకటి పడేలోగా ఒక్కణ్ణే తిరిగి వచ్చేవాణ్ణి. రమణమ్మ రెండు మూడు రోజులు తల్లి దగ్గరుండి బస్సులో వచ్చేది.

కొన్ని వారాలకే తిరుగు దారిలో తల చుట్టూ తడిగుడ్డ పిండి బిగించినట్టు కావడం మొదలైంది. రోడ్డు పక్క కారాపి, మధ్యాహ్నం తిన్నదంతా కక్కేవాణ్ణి. ఇంటికొచ్చి పడుకుంటే మర్నాటికి గాని మనిషిని కాను. పొద్దున పోయేటప్పుడు కూడా తల కాస్త బరువుగా ఉండేది గాని, అది గతుకుల వల్ల అనుకునేవాణ్ణి.

పెంచలయ్యకూ నాకూ అప్పటికే కొంచెం చెడి ఉంది. కాలువ తూము దగ్గర కొందరు ఎగువ రైతులు దొంగతనంగా నీళ్ళు మళ్ళిస్తున్నారని అంతకు ముందు ఒక వార్త రాశాను. ఎవరి పేరూ రాయలేదు. ఆ ఊళ్ళో పేరు రాయనక్కర్లేదు. తర్వాత నేను గడప తొక్కినప్పుడల్లా పెంచలయ్య లోపలికి కేకేసేవాడు.

"మే బుజ్జమ్మా, పేపరాయన వచ్చినాడు. మంచినీళ్ళు జాగర్తగా కొలిచి ఇయ్యి. మళ్ళీ ఎక్కువ పోసినావని రాస్తాడు."

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ఇంటికొచ్చి పడుకున్నాక ఆ మాటలో నవ్వెంత, పగ ఎంత అని తూచుకునేవాణ్ణి.

ఆశ్వయుజం

వానలు మొదలయ్యాక జబ్బు ముదిరింది. ఇప్పుడు తలనొప్పి రెండు రోజులుండేది. మెట్లెక్కితే గుండె దడదడలాడేది. రాస్తూ రాస్తూ వాక్యం మధ్యలో ఏం రాయబోతున్నానో మరిచిపోయేవాణ్ణి. నా వృత్తికి అంతకన్నా భయం ఇంకొకటి లేదు.

ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చోవడం అలవాటైంది. అక్కడ ఎదురుచూసేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది: ముందు పక్కవాళ్ళ జబ్బు అడుగుతారు, తర్వాత ఊరు, ఆ తర్వాత కులం. ఒకరోజు నాకు కడుపులో తిప్పుతుంటే పులికాట్ వైపు నుంచి బిడ్డను తీసుకొచ్చిన ఒక చేపలామె, అడగకుండానే తన కొంగులోంచి నిమ్మకాయ తీసి గోటితో గిల్లి నా చేతిలో పెట్టింది.

"వాసన చూడన్నా. వాంతి ఆగతాది."

ఆగింది. ఆమె మొహం ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ నిమ్మకాయ ఎంత మేలు చేసిందో, ఆ తర్వాత ఆమె అడిగిన మాట అంత కీడు చేసింది.

"ఎవురింట్లోనన్నా తిన్నాక వస్తుందా అన్నా, లేకుంటే ఊరికే వస్తుందా?"

నేను ఆదివారాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఆమె నా మొహం చూసి తల ఆడించింది.

"అయితే అది పెట్టుడు మందే. డాక్టర్ల చేతికి చిక్కదు."

పెట్టుడు మందంటే ఈ జిల్లాలో తెలియనివాళ్ళు తక్కువ. గిట్టనివాళ్ళు అన్నంలోనో పులుసులోనో ఏదో కలిపి పెడతారని, అది కడుపులో అంటుకుని మనిషిని లోపల్నించి ఎండబెడుతుందని నమ్మకం. దాన్ని కక్కించేవాళ్ళు వేరే ఉంటారు. అలాంటి నమ్మకాల మీద నేనే ఎన్నోసార్లు వెటకారంగా రాశాను.

డాక్టరు గారు కళ్ళు చూసి, నాలుక చూసి, కాఫీ తగ్గించి కళ్ళద్దాలు మార్చమన్నారు. రెండూ చేశాను. ఆదివారం పోయొచ్చాక మళ్ళీ అదే.

అప్పుడు వార్త పరిశీలించినట్టు పరిశీలించాను. కావలికి పోయి వచ్చాను, ఏమీ కాలేదు. గూడూరులో హోటల్లో తిన్నాను, ఏమీ కాలేదు. ఇంట్లో రోజూ తింటున్నాను, ఏమీ లేదు. పెంచలయ్య ఇంట్లో తిన్న రోజే వస్తోంది. రమణమ్మ అక్కడే రోజుల తరబడి తింటుంది, ఆమెకు రాదు. అంటే కుండలో కాదు, నా పళ్ళెంలో ఉంది. ఇంత గట్టి సాక్ష్యం కోర్టు కేసుల్లో కూడా తక్కువగా చూశాను.

రమణమ్మకు చెప్పకుండా బస్సెక్కి మనుబోలు అవతల ఒక పల్లెకు పోయాను. తాటాకు పందిట్లో జనం బారులు తీరి ఉన్నారు. మందు కక్కించే ముసలామె ఒక్కొక్కరికి ఆకుపసరు తాగించి, తలవంచి, వీపు మీద చరుస్తుంది. కక్కినదాంట్లో వేలు పెట్టి నల్లటి ముద్ద ఒకటి తీసి చూపిస్తుంది. నా వంతు దాకా ఆ ముద్దనే చూస్తూ కూర్చున్నాను. అందరి కడుపులోనూ అదే సైజు, అదే నలుపు. ఆమె ఎడమ చెయ్యి ఎప్పుడూ మూసే ఉంది. అదంతా చూశాను. చూసి కూడా పసరు తాగాను.

వింత ఏమంటే, తర్వాత ఒక పక్షం రోజులు నాకు తలనొప్పి లేదు. అత్తగారి ఊరికి పోవడం మానేశాను కదా! మూసిన ఎడమ చేతి సంగతి మరిచిపోయాను. నా అనుమానానికి సీలు పడిందనుకున్నాను.

అప్పుడు రమణమ్మకు చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతోంది. చేట కింద పెట్టింది.

"మా అన్న మీకు మందు పెట్టినాడా?"

"మీ అన్న కాకపోతే మీ వదిన."

"ఆ వదిన చేతి కూడు తినే మా అమ్మ బతుకుతుండాది. ఆమెకు ఉచ్చ దొడ్డి ఎత్తేది కూడా ఆ చేతులే. తెలుసా మీకు?"

"నువ్వు ఇక ఆ ఇంటికి పోవద్దు."

"మా అమ్మనిక్కడికి మోసుకొస్తారా మరి?"

ఆమె మళ్ళీ చేట అందుకుంది. అప్పట్నించి ఇంట్లో మాటలు తగ్గాయి. నాకు భోజనం పెట్టి ఆమె వంటింటి గడపలో నిలబడి చూసేది, నేను ప్రతి ముద్దనూ ఎలా చూస్తున్నానో. నేను నిజంగానే చూస్తున్నాను. అనుమానం ఒక్క ఇంటితో ఆగే జాతి కాదు.

కార్తీకం

ఊరి మనిషి ఒకడు వచ్చి కబురు చెప్పిపోయాడు. అత్తగారికి మాట పడిపోతోందట, 'రమణ' అన్న ఒక్క మాట మటుకు అంటోందట. ఆ రాత్రి రమణమ్మ పడుకోలేదు. పొద్దున్నే చెప్పేసింది.

"వచ్చే సోమవారం పోతుండా. నాకెట్నూ ఉపవాసం, నక్షత్రాలు చూసిందాకా నోట్లో నీళ్ళు కూడా పోసుకోను. మీరు మీ తిండి మూట కట్టుకొని రండి. చూసి, దీపాల ఏళకి వచ్చేద్దాం."

కార్తీక సోమవారం ఉపవాసం మా వైపు ఆడవాళ్ళు గట్టిగానే చేస్తారు. రమణమ్మ ఇంకా గట్టి. నేను ఇడ్లీలు కట్టించుకుని బయలుదేరాను. మనసులో దాన్నొక పరీక్షగా పెట్టుకున్నాను.

ముసురు పట్టి ఉంది. కారు అద్దాలన్నీ ఎక్కించాం. అక్కడికి చేరేసరికే రమణమ్మ కణతలు నొక్కుకుంటోంది, ఉపవాసం వల్ల అనుకున్నాం. తల్లి కూతుర్ని చూసి బాగున్న చేత్తో జుట్టు పట్టుకుని వదల్లేదు. బుజ్జమ్మ పీటలు వేసింది.

"నాకు ఉపవాసం వదినా," అంది రమణమ్మ.

"అన్నకు కూడానా?"

"అవును," అన్నాను.

బుజ్జమ్మ నన్నొకసారి చూసి ఒక పీట తీసేసింది, తర్వాత రెండోదీ తీసేసింది. నేను సరుగుడు తోటలోకి పోయి చెట్టు చాటున ఇడ్లీలు తిని వచ్చాను.

తిరుగు దారిలో వాన దంచింది. రమణమ్మ వెనక సీట్లో ఉంది. కాలువ కట్ట దాటాక పలకరిస్తే పలకలేదు. కారాపి చూస్తే సీట్లోంచి జారి, కింద పరిచిన కొబ్బరిపీచు పట్టా అంచును గుప్పిట పట్టుకుని వాలిపోయి ఉంది. తలుపు తీసి వానలోకి లాగాను. కక్కింది. పచ్చటి నీళ్ళు తప్ప ఏమీ రాలేదు. నా తల కూడా బద్దలవుతోంది. ఆ నిమిషంలో ఆమె పోతుందనే అనుకున్నాను. ఇద్దరం గట్టు మీద బురదలో కూర్చున్నాం. వాన మొహాన కొడుతుంటే కాసేపటికి ఆమె కళ్ళు తేటపడ్డాయి. తేటపడగానే అన్న మొదటి మాట ఇది:

"పొద్దున్నించి నా నోట్లో మెతుకు పడలా, చుక్క పడలా. మీరు ఇంటి ఇడ్లీ తిన్నారు. నాకేం పెట్టినారో చెప్పండి మా వాళ్ళు."

నేను ఆమె మొహం తుడవబోయాను.

"చెప్పండయ్యా, పేపరాయనా!"

అలా అంటూ చెయ్యి చాపింది. అరచేయి నల్లగా ఉంది. పెనం అడుగు తుడిచినంత నలుపు. వాన నీటికి ఆ మసి వేళ్ళ సందుల్లోంచి కారుతోంది.

"ఇదెక్కడ అంటుకునింది?" అంది తనే.

బయటి గాలికే ఆమె తేరుకుందని, ఆ మిగతా దారంతా అద్దాలన్నీ దించి, వానలో తడుస్తూ, రెండుసార్లు ఆగుతూ వచ్చాం. మర్నాడు పట్టా ఎత్తి చూశాను. అడుగంతా మసి. దాని కింద కారు నేల తుప్పు పట్టి చెయ్యి దూరేంత చిల్లు. చిల్లు కింద పొగగొట్టం. దానికి ఎవరో పాత రేకు చుట్టి తీగతో బిగించారు, ఆ రేకు కూడా విచ్చుకుంది. ఇంజను పొగ వెనక్కి పోకుండా తిన్నగా మా కాళ్ళ దగ్గరికి వస్తోంది. ఆ కంపు పాత బండికి మామూలే అనుకున్నాం. అద్దాలు దించుకున్నన్నాళ్ళు గాలికి కొంత పోయింది. వానలకు అద్దాలు ఎక్కించాక మేం పొగ గదిలో కూర్చున్నట్టే. రమణమ్మ అంతవరకూ పోయేటప్పుడే కారెక్కేది, వచ్చేది బస్సులో; అందుకే ఆమెకు రాలేదు. నేను ఎక్కడ తిన్నానో, ఎవరు పెట్టారో అన్నీ అడిగాను. దేంట్లో పోయి వచ్చానో మటుకు అడగలేదు.

డాక్టరు గారికి చెబితే, "ఆ పొగలో మనిషిని చంపేదానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. ఇంకో నెల ఇట్లాగే తిరిగి ఉంటే మీ వార్త వేరెవరో రాసేవాళ్ళు" అన్నారు. మందేమీ ఇవ్వలేదు. మంచి గాలి పీల్చుకోమన్నారు, ఇద్దర్నీ.

మార్గశిరం

గొట్టం మార్చాలి. షెడ్డుకు మటుకు పోదలుచుకోలేదు. బంగారం లాంటి బండి అన్నవాడి మీద, రేకు చుట్టి అమ్మినవాడి మీద నా అనుమానం ఇప్పుడు బాగా బలిసింది. మద్రాసు నుంచి కొత్త గొట్టం తెప్పించుకుని, పని నేనే చేసుకుందామనుకున్నాను. కుర్రతనంలో లారీల మీద తిరిగినవాణ్ణి, పానాలు పట్టడం తెలుసు.

మా పెరడు ఇసక నేల, పైగా వానకు మెత్తబడింది. జాకీ పెట్టి తిప్పుతుంటే కారు లేవడానికి బదులు జాకీ దిగబడుతోంది. కింద పలక వేశాక లేచింది. ఛాసిస్ చట్రం కింద ఇటుకలు పేర్చి, ఇక దూరుదామని తువ్వాలు పరుచుకుంటుండగా వెనక మాట వినపడింది.

"నేను మందు పెట్టినానంట గదా బావా?"

పెంచలయ్య. రమణమ్మ కబురు పంపింది. ఏమేమి చెప్పిందో అతని మొహంలోనే ఉంది. నేను లేచి నిలబడ్డాను.

"తూము కాడ నీళ్ళు మళ్ళించింది నేనే," అన్నాడు. "పేపర్లో ఏసినందుకు కోపం వచ్చింది. ఊళ్ళో తల ఎత్తుకోనీలా నన్ను. అయినా కూట్లో కలిపేంత కోపం రాలా. ఆ మాట నా మొగాన అడగొచ్చు గదా నువ్వు. ఊరంతా అడుగుతావే!"

"అడగాల్సింది," అన్నాను.

అతను ఇంకేదో అనబోయి కారు కిందికి చూశాడు. వంగి ఒక ఇటుక లాగి, పక్కనున్న రాతికేసి కొట్టాడు. పైన ఎర్రగా గట్టిగా ఉన్న ఇటుక లోపల పిండి పిండి అయింది. ఉప్పు నేల మట్టితో ఊకలో కాల్చిన ఇటుకలు. గోడకైతే సున్నం పట్టుకుంటుంది. బరువు పడితే చెప్పకుండా పగులుతాయి.

"దీన్ని నమ్మి రొమ్ము పెట్టబోతివే. మమ్మల్ని నమ్మేదానికి నీకు ఇంత కష్టమైంది."

ఆ తర్వాత ఇద్దరం పని మొదట్నించి చేశాం. కారు దించేశాం. పశువుల కొట్టం ముందున్న నాపరాళ్ళ మీదికి నెట్టాం, అక్కడ నేల గట్టి. కదలకుండా చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాం, గేరులో వేసి చేతిబ్రేకు లాగాం. వీధి చివర కట్టెల అడితి నుంచి పెంచలయ్య తుమ్మ మొద్దులు మోసుకొచ్చాడు. జాకీతో ఎత్తి, మొద్దుల్ని ఒక వరస అడ్డంగా, ఒక వరస నిలువుగా పేర్చి ఛాసిస్ కింద రెండు పక్కలా నిలిపాం. ఎత్తింది మూరెడే. తర్వాత జాకీని వదులు చేసి, బరువంతా కర్ర మీదికి దింపాం. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. సొంతంగా పని చేసుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతీ గుర్తుపెట్టుకుంటే చాలు. చివరికి పెంచలయ్య భుజం ఆనించి కారును నాలుగు వైపుల నుంచీ గట్టిగా నెట్టి చూశాడు. కదల్లేదు. ఇంకోసారి నెట్టాడు.

"అనుమానం ఇక్కడ పడాల బావా," అన్నాడు. తర్వాత పక్కకి జరిగి, జాకీ కడ్డీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "ఊ, దూరు. నువ్వు మందు పెట్టినాడన్న మనిషి బయట ఉండాడు, కడ్డీ చేతిలో ఉండాది. దూరతావా?"

నవ్వుతూనే అన్నాడు. కళ్ళు నవ్వడం లేదు. రమణమ్మ వరండాలోంచి చూస్తోంది. ఈ ఇంటికీ ఆ ఇంటికీ మధ్య దారి ఉంటుందో ఉండదో ఆ ఒక్క పనితో తేలిపోతుందని ముగ్గురికీ తెలుసు.

దూరాను.

కింద నుంచి అతని పాదాలు తప్ప ఏమీ కనపడవు. తుప్పు కళ్ళల్లో రాలుతుంటే పాత గొట్టం ఊడదీశాను, కొత్తది ఎక్కించి బిగించాను. ఆ పాదాలు కదిలినప్పుడల్లా నా చెయ్యి ఆగింది. అబద్ధం చెప్పను. జబ్బు వదిలినంత తొందరగా జబ్బు నేర్పిన అలవాటు వదలదు. ఒకసారి అతను చటుక్కున వంగాడు. పానా గుప్పిట్లో బిగించాను. తల వంచి మొద్దు జరిగిందేమో చూసి, మళ్ళీ లేచాడు.

నేను బయటికి వచ్చాక చెయ్యి అందించి లేపాడు. కారు నేలలో చిల్లుకి ఇద్దరం రేకు వేసి బిగించాం. ఇంజను వేసి, లోపల తెల్లగుడ్డ పరిచి చూశాం. గుడ్డ తెల్లగానే ఉంది.

ఆ ఆదివారం అద్దాలు సగం దించుకునే పోయాం. గొట్టం కొత్తదే అయినా నేను బిగించిందే కదా! తలనొప్పి రాలేదు. రమణమ్మ తల్లి పక్కన కూర్చుంది. ఆమె నుదురు నిమురుతూ ఏదో చెబుతోంది. పెంచలయ్య నన్ను భోజనానికి లేపాడు. ఇద్దరికీ పీటలు వేసి ఉన్నాయి. నా పీట ముందు పళ్ళెం లేదు. అన్నం కుండ, పులుసు చట్టి, గరిటె ఉన్నాయి.

బుజ్జమ్మ గడపలో నిలబడి ఉంది.

"పళ్ళెం గూట్లో ఉండాదన్నా. నువ్వే కడుక్కో, నువ్వే పెట్టుకో."

పెంచలయ్య ఏదో అనబోతే ఆమె చెయ్యెత్తింది.

"ఆడబిడ్డ ఎప్పుడైనా రావొచ్చు, ఎన్నాళ్ళయినా ఉండొచ్చు. అది వేరే. నీ పళ్ళెంలో నా చెయ్యి మటుకు పడదు ఇంక."

లేచి పళ్ళెం తెచ్చుకుని, కడుక్కుని, పెట్టుకుని తిన్నాను. పులుసు బాగుంది, ఆ మాట చెప్పాను కూడా. ఆమె వినపడనట్టు లోపలికి పోయింది. అప్పట్నించి ఇప్పటిదాకా ఆ ఇంటికి చాలాసార్లు పోయాను. ప్రతిసారీ నాకు నేనే వడ్డించుకుంటున్నాను.